లండన్ ఫ్లాట్‌కు డబ్బు పంపే ముందు లీజు ఎన్నేళ్లుందో అడగండి

సంపాదకుల వారికి,

నెల్లూరులో అపార్ట్‌మెంట్ ఫ్లాట్ కొనాలంటే ఈసీ తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లు చూపిస్తాం, అవిభాజ్య వాటా ఎన్ని అంకణాలో తేల్చుకున్నాకే అడ్వాన్సు చేతిలో పెడతాం. అదే లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో పిల్లలు కొనే ఫ్లాట్‌కు కోవూరు వైపు పొలం అమ్మి మరీ డబ్బు పంపుతూ, ధర, బ్యాంకు వడ్డీ తప్ప మరేదీ అడగడం లేదు. లీజు ఇంకా ఎన్నేళ్లు మిగిలిందన్నది అక్కడ మొదట అడగాల్సిన ప్రశ్న.

ఇంగ్లండ్, వేల్స్‌లో ఫ్లాట్లు చాలావరకు లీజుహోల్డే. స్థలం, భవనం అసలు యజమానివి, ఆయన్నే ఫ్రీహోల్డర్ అంటారు. మనం కొనేది 99 ఏళ్లో 125 ఏళ్లో అందులో ఉండే హక్కు. స్థలంలో వాటా రాదు. గడువు మనం కొన్న రోజు నుంచి కాదు, మొదటి లీజు రాసిన నాటి నుంచి లెక్క. 2007 జూన్‌లో మొదలైన 99 ఏళ్ల లీజు 2106 జూన్‌తో సరి. అంటే 2026 జూన్‌కే అది 80 ఏళ్లకు దిగిపోతుంది.

ఈ 80 దగ్గరే అసలు మెలిక. 1993 నాటి చట్టం ప్రకారం ఫ్లాట్ యజమాని మిగిలిన గడువుకు మరో 90 ఏళ్లు కలిపించుకోవచ్చు, గ్రౌండ్ రెంటు, అంటే ఫ్రీహోల్డర్‌కు ఏటా కట్టే స్థలం అద్దె, సున్నా అవుతుంది. అందుకు ఫ్రీహోల్డర్‌కు ప్రీమియం, అంటే పెంపు ధర, కట్టాలి. 80 ఏళ్ల పైన మిగిలి ఉంటే, పోయే గ్రౌండ్ రెంటుకూ, ఫ్లాట్ తిరిగి ఆయన చేతికి రావడం 90 ఏళ్లు ఆలస్యమైనందుకూ కడితే చాలు. 80కి వచ్చిందంటే ‘మ్యారేజ్ వాల్యూ’లో సగం అదనం. లీజు పెంచడం వల్ల ఫ్లాట్ విలువ పెరుగుతుంది కదా, అందులోంచి ఫ్రీహోల్డర్ నష్టం తీసేయగా మిగిలేదే అది.

ఒక ఊహా లెక్క చూడండి. లీజు పెంచాక ఫ్లాట్ విలువ 3 లక్షల పౌండ్లు, గ్రౌండ్ రెంటు ఏడాదికి 200 పౌండ్లు అనుకుందాం. ముందుముందు వచ్చే సొమ్మును నేటి విలువకు తగ్గించడానికి, ఫ్లాట్లకు వాడుకలో ఉన్న 5 శాతం రేటు, గ్రౌండ్ రెంటుకు 6 శాతం పట్టి లెక్కిస్తే, 82 ఏళ్లున్నప్పుడు ప్రీమియం సుమారు 8,700 పౌండ్లు. 79 ఏళ్లకు దిగి, పెంచని లీజుతో ఫ్లాట్ 2,80,000 పౌండ్లే పలుకుతుందనుకుంటే, దాదాపు 14,800. మూడేళ్ల ఆలస్యానికి 6,000 పౌండ్ల పైమాటే. పైగా లీజు 70–80 ఏళ్ల లోపుకు వస్తే చాలా బ్యాంకులు అప్పివ్వడానికి వెనకాడతాయి, కాబట్టి అమ్ముదామన్నా కొనేవాళ్లు తగ్గిపోతారు.

ల్యాండ్ రిజిస్ట్రీ నుంచి టైటిల్ రిజిస్టర్, అసలు లీజు కాపీ తెప్పించుకుని ప్రారంభ తేదీ, గ్రౌండ్ రెంటు ఎన్నేళ్లకోసారి పెరుగుతుందో చూడాలి. లీజు పెంపు పనులు చేసిన సర్వేయర్‌తో విలువ కట్టించి, సొలిసిటర్ (అక్కడి లాయరు) చేత ఫ్రీహోల్డర్‌కు లీజు పెంపు కోరే సెక్షన్ 42 నోటీసు ఇప్పించాలి. విలువ కట్టే తేదీ నోటీసు ఇచ్చిన రోజే. అందుకే 81 ఏళ్లుండగా ఇచ్చిన నోటీసు, బేరం తెగేసరికి గడువు 80 కిందికి దిగిపోయినా, మనల్ని కాపాడుతుంది. నోటీసులో ప్రీమియంగా మరీ నవ్వులపాటు తక్కువ అంకె వేస్తే నోటీసే చెల్లకుండా పోతుంది. ఫ్రీహోల్డర్‌కూ మనకూ మధ్యలో హెడ్ లీజుదారు (భవనాన్ని లీజుకు తీసుకుని ఫ్లాట్లు లీజుకిచ్చినవారు) ఉన్న భవనాల్లో ఎవరికివ్వాలో తేల్చుకోకుండా పంపినా అంతే. ఫ్లాట్ ఇద్దరి పేరున ఉంటే ఇద్దరి పేర్లూ ఉండాలి.

ఫ్రీహోల్డర్ జవాబుకు కనీసం రెండు నెలల గడువివ్వాలి. ఈలోగా ఆయన డిపాజిట్ అడగొచ్చు. మనం చూపిన ప్రీమియంలో 10 శాతం, లేదా 250 పౌండ్లు, ఏది ఎక్కువైతే అది. జవాబు వచ్చాక ధర కుదరకపోతే రెండు నెలల తర్వాత, ఆరు నెలల లోపు, ధర తేల్చే ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఈ ఆరు నెలల దగ్గరే. మాటలు సాగుతున్నాయి కదా అని ఊరుకుంటే నోటీసు వెనక్కి తీసుకున్నట్టే లెక్క, మళ్లీ ఇవ్వాలంటే 12 నెలలు ఆగాలి. ఆ 12 నెలల్లో లీజు 80 కిందికి దిగిపోవచ్చు. ఫ్రీహోల్డర్ లాయరు, సర్వేయర్ ఖర్చులు, సమంజసమైన మేరకు, ప్రస్తుతానికి మన మీదే పడతాయి. అది బడ్జెట్‌లో వేసుకోవాలి.

‘నోటీసులెందుకు, తక్కువలో చేసేస్తాం’ అని ఫ్రీహోల్డర్ ఉత్తరం రాస్తే తొందరపడకండి. తరచూ అది లీజును మళ్లీ 99 ఏళ్లకు తెచ్చి, పాత గడువు తీరేదాకా పాత గ్రౌండ్ రెంటు కట్టించుకునే బేరం. ఆ మాటను ఆయన ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, నోటీసుతో వచ్చే విలువ తేదీ రక్షణా ఉండదు. అప్పిచ్చిన బ్యాంకు ఒప్పుకోలు కూడా విడిగా తెచ్చుకోవాలి.

2024లో వచ్చిన కొత్త చట్టం 990 ఏళ్ల పెంపును, మ్యారేజ్ వాల్యూ రద్దును రాసింది. ఆ భాగాలు ఇంకా అమలుకు రాలేదు. అమల్లోకి వచ్చింది మాత్రం, లీజు పెంపు కోరడానికి కొన్నాక రెండేళ్లు ఆగాలన్న నిబంధన తొలగింపు, 2025 జనవరి 31 నుంచి. మా సలహా: 85 ఏళ్ల పైన ఉన్నవాళ్లు కొత్త చట్టం కోసం కొంత ఆగినా ఫరవాలేదు. 81, 82లో ఉన్నవాళ్లు దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడే కొంటున్న ఫ్లాట్ లీజు 80కి దగ్గరైతే, అమ్మేవారి చేతే నోటీసు ఇప్పించి, ఆ నోటీసు హక్కును లీజుతో పాటే, అదే రోజు, రాతపూర్వకంగా బదిలీ చేయించుకోవాలి. తర్వాత విడిగా రాయించుకున్న కాగితం పనికిరాదు. ఇక్కడి నుంచి ప్రీమియం డబ్బు పంపే తల్లిదండ్రులు, ఏడాదిలో 10 లక్షలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటుందని గుర్తుంచుకుని, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవాలి. ఆ సొమ్ము అప్పటిదాకా చేతికి రాదు కాబట్టి, నోటీసు ఇచ్చే నాటికే దాన్నీ కలుపుకుని డబ్బు సిద్ధం చేసుకోవాలి.

– ఆస్తి దస్తావేజులు చూసే న్యాయవాదులు, దర్గామిట్ట, నెల్లూరు