షర్మిల గారూ, ముందు మండలానికి ఒక మనిషిని చూడండి

ఆంధ్రప్రదేశ్ కాంగ్రెస్ కమిటీ అధ్యక్షురాలు శ్రీమతి వై.ఎస్. షర్మిల గారికి,

నమస్కారం. మాది అనంతపురం జిల్లా. మా నాన్న కాలం నుంచి మా ఇంట్లో చెయ్యి గుర్తుకు తప్ప ఇంకో గుర్తుకు ఓటు వేసినవాళ్లు లేరు. 2024 మే 13న నేను ఓటు వేసి బయటికి వస్తుంటే, చిన్నప్పటి నుంచి నాతో తిరిగిన స్నేహితుడు ఎదురొచ్చాడు. ఎవరికి వేశావని అడిగాడు. చెప్పాను. "గెలిచేది లేదు కదరా, ఓటు పాడు చేసుకున్నావ్" అన్నాడు. ఒకప్పుడు అతనూ మన పార్టీవాడే. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. అందుకే ఈ ఉత్తరం.

ఉత్తరాది అంతా ఇందిరమ్మను ఓడించిన 1977లో, మన రాష్ట్రం 42 లోక్‌సభ సీట్లలో 41 కాంగ్రెస్‌కు ఇచ్చింది. 1983లో ఎన్టీఆర్ గాలికి అసెంబ్లీలో 60 సీట్లకు పడిపోయాం. 1989లో మళ్లీ 181 వచ్చాయి. 1994లో 26. పదేళ్లు తిరిగేసరికి, మీ నాన్నగారు చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా ఎండలో నడిచిన తర్వాత, 185. పడిన ప్రతిసారీ లేచాం. ఎలా లేచాం? ఊళ్లో కాంగ్రెస్ ఇల్లు అంటూ ఒకటి ఉండేది. పార్టీ ఓడినా ఆ ఇంటి ముందు అరుగు ఖాళీ అయ్యేది కాదు. రేషన్ కార్డు పనైనా, పొలం గట్టు తగాదా అయినా జనం అక్కడికి వచ్చేవాళ్లు. 26 సీట్లే వచ్చిన 1994లో కూడా మూడో వంతు ఓట్లు మనవే.

2014లో ఆ అరుగే పోయింది. సీట్లు సున్నా కావడం కంటే నాకు అదే ఎక్కువ బాధ. ఊరి నాయకుడు వెళ్లిపోతే అతనితో పాటు అతని వెనకున్న ఓటూ వెళ్లిపోయింది. 2019లో మనకు నోటా కంటే తక్కువ ఓట్లు వచ్చాయి. 2024లో కాస్త పెరిగినా రెండు శాతం దాటలేదు. రెండుసార్లూ అసెంబ్లీలో ఒక్కరు లేరు.

విభజన కోపం వల్లే ఇదంతా అని చాలామంది నాయకులు చెప్పి ఊరుకుంటారు. కోపం నిజమే, నాకూ ఉంది. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో మన్మోహన్ సింగ్ గారు ఐదేళ్ల ప్రత్యేక హోదా ఇస్తామన్నారు. పోలవరాన్ని చట్టంలో రాశారు కానీ హోదాను రాయలేదు. తర్వాత వచ్చినవాళ్లకు తప్పించుకోవడానికి ఆ సందు చాలు. చట్టంలో రాయకపోవడం మా తప్పేనని మీరు ఒక్కసారి సూటిగా అనండి, అమ్మా. అప్పుడు మీరు హోదా గురించి, విశాఖ ఉక్కు గురించి అడిగే మాటకు బరువు వస్తుంది.

తెలంగాణ సంగతి చూడండి. 2018లో గెలిచిన 19 మంది ఎమ్మెల్యేల్లో 12 మంది అధికార పార్టీలోకి వెళ్లిపోయారు. ఇక పని అయిపోయిందనుకున్నారు అందరూ. 2023లో 64 సీట్లతో ప్రభుత్వం వచ్చింది. రాష్ట్రం ఇచ్చిన పార్టీ అన్న పేరు అక్కడ కలిసొచ్చింది, కాదనను. కానీ ఎమ్మెల్యేలు పోయినా ఊళ్లో కార్యకర్త మిగిలాడు. మన దగ్గర మిగల్లేదు.

మీరు 2024 జనవరిలో బాధ్యత తీసుకున్నారు. ఎన్నికలకు నాలుగు నెలలు కూడా లేవు. అయినా కడపలో మీకు లక్షా నలభై వేలకు పైగా ఓట్లు వచ్చాయి. అది చిన్న సంగతి కాదు. కానీ అమ్మా, ఒక పెద్దవాడిగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. టీవీ పెడితే మీ ఇంటి గొడవే కనిపిస్తుంది. మీకు జరిగింది అన్యాయమే కావచ్చు. జనం దాన్ని చూస్తారు, మాట్లాడుకుంటారు, ఓటు మాత్రం వేయరు.

రాష్ట్రంలో 670కి పైగా మండలాలున్నాయి. సర్పంచ్ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు, ఎంపీటీసీ, జడ్పీటీసీలకు ఉంటాయి. ముందు మండలానికి ఒక మనిషిని చూడండి. గెలవకపోయినా సరే, చెయ్యి గుర్తు మీద నిలబడి, ఓడిన మర్నాడు కూడా అదే ఊళ్లో జనం పని చేసిపెట్టే మనిషి. టికెట్ కోసం పక్క పార్టీ నుంచి ఎన్నికల ముందు వచ్చేవాళ్లు మనకు వద్దు.

2006 ఫిబ్రవరి 2న మా జిల్లాలోని బండ్లపల్లిలో మన్మోహన్ సింగ్ గారు, సోనియా గాంధీ గారు ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. మా వైపు దాన్ని కరువు పని అంటారు. వానలు లేక బెంగళూరుకు వలసపోయే కుటుంబాలు ఆ కూలి డబ్బుతో ఇంటి దగ్గరే ఉండి పిల్లల్ని బడికి పంపాయి. ఆ ఆడవాళ్లు దాన్ని మర్చిపోలేదు. వాళ్లను అడిగే మనిషే లేడు.

ఒకసారి ఆ ఊరికి రండి. సభ వద్దు, మైకు వద్దు. కరువు పని చేసిన ఆడవాళ్లతో ఒక సాయంత్రం కింద కూర్చోండి, వాళ్లు చెప్పేది వినండి. వాళ్లలో ఒక్కరు ఎంపీటీసీకి నిలబడతానన్నా, చెయ్యి గుర్తు కరపత్రాలు పట్టుకుని ఆమె వెంట ఇంటింటికీ నేను తిరుగుతాను. నా స్నేహితుడి ఇంటికే ముందు వెళ్తాను.

ఇట్లు,
అనంతపురం జిల్లా నుంచి ఒక పాత కాంగ్రెస్ ఓటరు