కేబుల్ పోతే మనిషి వస్తాడు, యాప్ ఆగితే?

సంపాదకుల వారికి నమస్కారం.

ఓటీటీల దెబ్బకి టీవీ పని అయిపోయిందని ఈమధ్య అందరూ అంటున్నారు. మా తెనాలిలో చూస్తే ఏ ఇంట్లోనూ టీవీ గోడ దిగలేదు, పైగా ఇంకో పది అంగుళాలు పెరిగింది. దిగిపోతున్నది కేబుల్ తీగ. దాంతోపాటు ఆ తీగ పట్టుకుని వచ్చే మనిషి కూడా. సీరియళ్ల సాగదీత గురించి, వెబ్ సిరీస్‌లలో బూతుల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను ఆ జోలికి పోను. నేను అడిగేది ఆ మనిషి గురించే.

కేబుల్ అబ్బాయి గొప్పవాడనేం కాదు. డబ్బులకైతే నెల మొదటివారంలో ఠంచనుగా వచ్చేవాడు, బొమ్మ పోతే మాత్రం నాలుగుసార్లు ఫోన్ చేయించుకునేవాడు. వాడి దగ్గర చిల్లర ఏనాడూ ఉండేది కాదు. అయినా సాయంత్రానికల్లా నిచ్చెన వేసుకుని వచ్చి, లారీ తగిలి తెగిన వైరు అతికించి, "ఇప్పుడు చూడండి మామ్మగారూ" అనేవాడు. మా అత్తయ్య చూసే ఛానల్ ఏ నంబరులో వస్తుందో వాడికి నోటికి వచ్చు. పట్టించుకోకపోతే ఆ నెల డబ్బులు ఆపేవాళ్లం, మర్నాడే ప్రత్యక్షం.

ఇప్పుడు అదే అత్తయ్య పరిస్థితి చెప్తాను. యాప్ తెరవగానే "ఎవరు చూస్తున్నారు?" అంటూ నాలుగు బొమ్మలు వస్తాయి. తనది ఆకుపచ్చదని ఆవిడకి తెలుసు, నొక్కుతుంది. సీరియల్ మొదలయ్యేలోపు ఇంగ్లిషులో ఏదో నోటీసు. అంటే హైదరాబాదులో మనవలు అదే ఖాతాలో వేరే ఏదో చూస్తున్నారన్నమాట. ఒక్కోసారి యాప్ దానంతటదే లాగౌట్ అయిపోతుంది. ఓటీపీ వెళ్లేది మా మరిది ఫోనుకి. అతను మీటింగులో ఉంటే ఇక్కడ రిమోటు ఒళ్లో పెట్టుకుని ఆవిడ ఎదురుచూడాలి. ఎప్పుడైనా చూసుకోవచ్చు కదా, అదే కదా సుఖం అంటారు పిల్లలు. నిజమే, ముందు లోపలికి వెళ్లనిస్తే! ఈలోగా, కొన్ని సీరియళ్లు టీవీ కంటే ముందే యాప్‌లో పెట్టేస్తున్నారు కాబట్టి, పక్కింటావిడ పొద్దున్నే చూసేసి మధ్యాహ్నానికి కథ మొత్తం చెప్పేస్తుంది.

డబ్బుల విషయం ఇంకా చికాకు. మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారు ఓ యాప్ వద్దనుకుని టీవీలోంచి తీసేశారు. యాప్ పోయింది, ఆటోపే పోలేదు. మరుసటి నెల ఖాతాలోంచి డబ్బు కట్ అయింది, ఆ పై నెల కూడా. ఆపే బటన్ కోసం వెతికితే టీవీలో లేదు, ఫోనులో ఎక్కడో ఉంది. దాన్ని పట్టుకుని నొక్కితే "వెళ్లిపోతారా? సగం ధరకే ఇస్తాం" అని మళ్లీ బేరం. ఫోను చేద్దామంటే నంబరే కనిపించదు, చాట్‌లో యంత్రం జవాబిస్తుంది. ఆయన నలభై పేపర్ల కట్ట దిద్దడానికి కూడా అంత టెన్షన్ పడి ఉండరు.

రూల్స్ లేవని కాదు. ఆటోపేలో డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకి సమాచారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆ మెసేజ్ వస్తుంది కూడా, ఇంగ్లిషులో, లోన్ల ప్రకటనల మధ్య. చందా రద్దు చేసుకోవడం కావాలని కష్టం చేయడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో తప్పుడు పద్ధతుల జాబితాలో చేర్చింది. 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. ఇవన్నీ తెలిసినవాళ్లు మా వీధిలో ఎందరు?

కేబుల్ మీద అయితే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెత్తనం ఉంది. 2019లో వచ్చిన కొత్త పద్ధతిలో వంద ఛానళ్లకి నెట్‌వర్క్ ఫీజు 130, పన్నుతో 153 రూపాయలు అని పరిమితి పెట్టారు, ప్రతి పే ఛానల్ ధర విడిగా చెప్పాలన్నారు. దానివల్ల చాలా ఇళ్లలో బిల్లు తగ్గకపోగా పెరిగింది, 2024లో ఆ పరిమితినీ ఎత్తేశారు, అది వేరే సంగతి. కనీసం అడగడానికి ఒక చోటంటూ ఉంది. ఓటీటీలకి 2021 ఐటీ నిబంధనలు వచ్చాయి కానీ, వాటి కింద పెట్టే ఫిర్యాదుల అధికారి చూసేది దృశ్యాల్లో ఏముందో, వయసు గుర్తు సరిగ్గా వేశారో లేదో. బిల్లులు, ఓటీపీలు ఆయన పరిధి కాదు. 2023 వన్డే ప్రపంచకప్‌ని హాట్‌స్టార్ మొబైల్లో ఉచితంగా చూపించినప్పుడు, అదే మ్యాచ్‌కి తమ కస్టమర్లు ఎందుకు డబ్బు కట్టాలని కేబుల్ కంపెనీల సమాఖ్య, ఇలాంటి తగాదాలు విచారించే ట్రైబ్యునల్ టీడీశాట్‌కి వెళ్లింది. ఓటీటీ ట్రాయ్ చట్టం కిందికి రాదని ఆ ట్రైబ్యునల్ మధ్యంతర ఉత్తర్వులో అంది.

ఆ ఉచితం ఎన్నాళ్లు ఉంది? 2023లో జియోసినిమా ఐపీఎల్‌ని ఊరికే చూపించింది. 2025లో రెండు యాప్‌లూ కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాక చందా అయినా ఉండాలి, ఫలానా రీచార్జ్ అయినా చేయించి ఉండాలి అన్నారు. అదే ఏడాది జూన్ నుంచి ప్రైమ్ వీడియోలో ప్రకటనలు మొదలయ్యాయి, అవి వద్దంటే చందా మీద ఇంకో చందా. ప్రకటనల గోల తప్పుతుందనే కదా చాలామంది కేబుల్ పీకేసింది! ధర పెంచుకునే హక్కు వ్యాపారికి ఉంటుంది, కాదనను. సంవత్సరం చందా కట్టించుకుని మధ్యలో సరుకు మార్చితే మాత్రం ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

కేబుల్ రోజులు తిరిగి రావాలని నేను కోరుకోవడం లేదు. నేనూ రాత్రి వంటిల్లు సర్దుకున్నాక ఓటీటీలోనే సినిమా చూస్తాను, ఆపుకుంటూ, రెండు రాత్రులు. నేను అడిగేది చాలా చిన్నది. మన దగ్గర ఇప్పుడు చాలామంది ఓటీటీని విడిగా కొనడం లేదు, ఇంటర్నెట్ ప్యాకులో కలిపి ఇచ్చేది తీసుకుంటున్నారు. అలా కలిపి అమ్మి డబ్బు తీసుకున్నవాడే దానికి బాధ్యుడని నిబంధన పెట్టాలి. యాప్ తెరుచుకోకపోతే ఊళ్లో ఉన్న అతని ఆఫీసుకి వెళ్లి తెలుగులో చెప్పుకోగలగాలి, రద్దు కూడా అక్కడే జరగాలి. ఇది జరగని పనేం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2017 చివర ఫైబర్‌నెట్ ప్రారంభించి నెలకి 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోను ఒకే తీగ మీద ఇచ్చినప్పుడు, ప్రభుత్వం ఇంటింటికీ చేరింది స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారానే. తీగ మారినా మనిషి మారలేదు. ప్రభుత్వ సంస్థే కాబట్టి ముందు అక్కడే ఈ పద్ధతి పెట్టి చూడవచ్చు. ప్రైవేటు ఇంటర్నెట్ కంపెనీల సంగతి కేంద్ర వినియోగదారుల శాఖ చూడాలి. అలాగే డబ్బు కట్ అయ్యే ముందు వచ్చే మెసేజ్ ఖాతాదారు కోరుకున్న భాషలో ఉండాలని రిజర్వు బ్యాంకు ఒక్క ఆదేశం ఇస్తే, మా మాస్టారికి మొదటి నెలలోనే తెలిసిపోయేది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తెనాలి.