పెళ్లి గ్రాంటు పెటాకులైన కథ

ఎడిసన్, న్యూజెర్సీ
14 జూన్ 2025

ఒరేయ్ సుబ్బూ,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసెయ్, తరువాత చదువు. నీ రెండు ఉత్తరాలూ ఫ్రిజ్ మీదే ఉన్నాయి. పాలకోసం తలుపు తీసినప్పుడల్లా నీ దస్తూరీ నన్ను నిలదీస్తూనే ఉంది. ఇక్కడ అందరం క్షేమం. పెద్దది తొమ్మిదో తరగతి అయిపోయింది, చిన్నవాడి పళ్లకు తీగ వేయించాం, మీ చెల్లెలి నడుము ఆపరేషను బాగానే జరిగింది, ఇప్పుడు మెట్లెక్కుతోంది. అమ్మ ఎప్పటిలాగే తెనాలి నీళ్ల రుచి తలచుకుంటోంది. అయిపోయాయి కబుర్లు. ఇక అసలు సంగతి.

నేను కాలేజీలో చేరానని చెప్పినప్పుడు ఫోనులో నువ్వేమన్నావో గుర్తుందా? నేను "పెల్ గ్రాంటు వచ్చింది" అంటే నువ్వు "పెళ్లి గ్రాంటా? ఈ వయసులో రెండోదా?" అన్నావు. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు పెళ్లి గ్రాంటే. ఆ పెళ్లి ఇప్పుడు పెటాకులైంది.

నిజానికి ఆ డబ్బు నాకు రావడమే ఒక విడ్డూరం. ఇది అప్పు కాదు, కాలేజీ చదువుకని ఇక్కడి కేంద్ర ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేది. పెల్ అనే సెనేటరు పట్టుబట్టి 1972లో చట్టంలో పెట్టించాడట, తరువాత ఆయన పేరే దానికి పెట్టారు. ఈ ఏడాది గరిష్ఠంగా 7,395 డాలర్లు. మన ఊళ్లనుంచి స్టూడెంట్ వీసా మీద వచ్చే పిల్లలకు ఇది రాదు. గ్రీన్ కార్డు ఉండాలి, లేదా పౌరులై ఉండాలి. ఇంకో షరతు వింటే నువ్వు కుర్చీలోంచి పడిపోతావు. డిగ్రీ ఉండకూడదు! ఏ దేశంలోనైనా సరే బీకాం పాసైపోయినవాడికి పైసా ఇవ్వరు. మూడో సంవత్సరం స్టాటిస్టిక్స్ పేపరు నాకు పోయిందని నాన్న వారం రోజులు మాట్లాడలేదే, నువ్వు పాసై నా ముందు మిఠాయి పొట్లం విప్పావే, ఇరవై మూడేళ్ల తరువాత అదే పేపరు నాకు అన్నం పెట్టింది. తప్పినందుకు ప్రభుత్వం డబ్బిచ్చిన మొట్టమొదటి విద్యార్థిని నేనేనేమో.

సరే. జనవరి 21న రెండో సెమిస్టరు మొదలైంది. మూడు క్లాసులు, తొమ్మిది క్రెడిట్లు. అందులో ఒకటి... ఊహించు. అవును, స్టాటిస్టిక్సే. దానికే నాకు మంచి మార్కులు వస్తున్నాయి కూడా, నమ్మవు. గ్రాంటు 2,400 వచ్చింది. అందులో 1,800 కాలేజీ ఫీజుకు పోయి, మిగిలిన 600 నా చేతికి ఇచ్చారు. పుస్తకాలు, బస్సు పాసు, చిన్నవాడి బూట్లు. (బూట్ల సంగతి మీ చెల్లెలికి చెప్పకు, పుస్తకాలని చెప్పాను.)

మార్చిలో ఆమెకు ఆపరేషను అన్నారు. ఆరు వారాలు వంగకూడదు, బరువెత్తకూడదు. రాత్రి షాపు, పగలు వంట, మధ్యలో అకౌంటింగు. నా వల్ల కాలేదురా. ఒక రాత్రి షాపు కౌంటరు దగ్గర చిల్లర లెక్కపెడుతూ నిలబడే నిద్రపోయాను. మానేద్దామనుకున్నాను.

అప్పుడే మా షాపులో పనిచేసే గుజరాతీ పెద్దాయన ఒక రహస్యం చెప్పాడు. సెమిస్టరులో అరవై శాతం రోజులు దాటాక మానేస్తే గ్రాంటు మొత్తం నీదే, ఎవరూ అడగరు, అంతకుముందు మానేస్తే ఎన్ని రోజులు చదివావో అంత శాతమే నీది అని. వాళ్లబ్బాయి అలా చేశాడట. నేను ఇంటికొచ్చి వంటింట్లో కిరాణా కొట్టువాళ్ల తెలుగు క్యాలెండరు దించాను. మే 17తో సెమిస్టరు ఆఖరు. మొదటి రోజునుంచి ఆ రోజుకు 117 రోజులు. ఏప్రిల్ 1కి 71. భాగహారం చేశాను, అరవై దాటింది. స్టాటిస్టిక్స్ విద్యార్థిని కదా! ఉగాది వెళ్లిన రెండో రోజు, సరిగ్గా ఏప్రిల్ 1న, నేనే స్వయంగా వెళ్లి మూడు క్లాసులూ వదిలేస్తున్నానని కాగితం ఇచ్చి వచ్చాను. ఆ తేదీ గురించి ఏమీ అనకు. మా ఇంట్లో అందరూ అనేశారు.

మే మొదటి వారంలో ఉత్తరం వచ్చింది. 766 డాలర్ల 80 సెంట్లు కాలేజీకి బాకీ.

క్యాలెండరు చుట్టి చంకలో పెట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. కౌంటరులో ఒక నల్లజాతి ఆవిడ, అమ్మమ్మ వయసు, చాలా ఓపిక. నేను క్యాలెండరు పరిచి ఒక్కొక్క గడినీ పెన్నుతో చూపించాను. ఆమె మొత్తం విని, ముందు ఆ గడుల్లో చిన్న అక్షరాలేమిటని అడిగింది. రాహుకాలం, వర్జ్యం అన్నాను. అంటే? మంచి పని మొదలుపెట్టకూడని గంటలు అన్నాను. ఆమె ఏప్రిల్ 1 గడి మీద వేలు పెట్టి "నువ్వు ఇక్కడికి వచ్చిన గంట చూసుకున్నావా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం, ఏం చెయ్యను.

తరువాత ఆమె మార్చి పేజీ తిప్పింది. 15వ తేదీ శనివారం నుంచి 23 ఆదివారం దాకా సెలవులు, తొమ్మిది గడులు, ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేసింది. వరుసగా ఐదు రోజులు గానీ అంతకుమించి గానీ ఉన్న సెలవులు లెక్కలోకి రావట. భాగహారంలో పైనున్న 71 నుంచీ తీసెయ్యాలి, కిందున్న 117 నుంచీ తీసెయ్యాలి. అంటే 108లో నేను చదివింది 62 రోజులే. 57.4 శాతం. ఏప్రిల్ 4 దాకా, అంటే ఇంకో మూడు రోజులు, వెనక బెంచీలో కూర్చుని కునికినా మొత్తం డబ్బు నాదే అయ్యేది. మూడు రోజులురా సుబ్బూ! శుక్రవారం దాకా!

మిగిలిన 42.6 శాతం నేను సంపాదించని సొమ్ము. నా ఫీజులో ఆ వాటా కాలేజీ తన చేత్తో ప్రభుత్వానికి తిరిగి కట్టేసింది. కానీ ఫీజు వాపసు ఇచ్చే గడువు ఎప్పుడో ఫిబ్రవరిలోనే దాటిపోయింది కాబట్టి కాలేజీకి నేను 1,800 పూర్తిగా ఇవ్వాలి. ఆ లోటు 766.80 నా నెత్తిన పడింది. చేతికిచ్చిన 600 గురించి మాత్రం అడగలేదు. గ్రాంటులో సగం దాకా విద్యార్థిని వదిలేస్తారట, నా వాటా ఆ లోపే ఉంది. బూట్లు బతికాయి.

ఇంతకంటే బాధపెట్టింది ఆమె చివర అన్న మాట. "మూడూ ఎందుకు వదిలావు? ఒక్కటి ఉంచుకుని ఉంటే ఈ లెక్కే వచ్చేది కాదు కదా." మొత్తం మానేసినవాడికే ఈ రోజుల లెక్క అట. సెమిస్టరు మధ్యలో ఒకటి రెండు వదిలి, ఒక్క క్లాసులో ఉన్నా పెళ్లి గ్రాంటు జోలికి రారట. స్టాటిస్టిక్స్ ఉంచుకుని ఉంటే! ఆ ఒక్కటీ చదవగలిగేవాణ్ణి, వారానికి రెండు సాయంత్రాలే... పోనీలే.

ఇంకో తోక ఉంది. వదిలేసిన క్లాసుకు సున్నా వెయ్యరు, డబ్ల్యూ అని రాస్తారు. పేరు రాయించుకున్న క్రెడిట్లలో మూడింట రెండు వంతులు పూర్తిచెయ్యాలని మా కాలేజీ నియమం, డబ్ల్యూ పూర్తిచేసిన దానికింద రాదు. రెండు సెమిస్టర్లూ కలిపి నావి పద్దెనిమిదింట తొమ్మిది, అంటే సగం. వచ్చే సెమిస్టరుకు హెచ్చరిక మీద గ్రాంటు ఇస్తారు, అప్పుడూ తప్పితే ఆపేస్తారు. అక్కడ మీ మేనల్లుడు ఇంజనీరింగు మానేస్తానంటే, మిగిలిన ఏళ్ల ఫీజు కడితేగానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వమని ఆ కాలేజీవాళ్లు తిప్పిన తిప్పులకంటే ఇది నయమే. ఇక్కడ కనీసం లెక్క కాగితం మీద చూపించారు. ఆ రోజు నాకు అలా అనిపించలేదనుకో, పార్కింగులో కారులో కూర్చుని కాసేపు ఏడ్చాను. నీకు కాబట్టి రాస్తున్నాను.

ఆరు వాయిదాలు అడిగాను, ఒప్పుకున్నారు. నెలకు 127.80. అది తీరేదాకా కొత్త క్లాసుల్లో పేరు రాయనివ్వరేమో అనుకున్నాను గానీ, వాయిదాలు తప్పకపోతే సెప్టెంబరులో చేరొచ్చంది ఆవిడ. మొదట రాసే పేరు ఏదో నీకు తెలుసు. అందుకే, మీ అటక మీద ఆ పాత పుస్తకం, అట్ట చిరిగినది, నేను బొమ్మ గీసినది, ఇంకా ఉంటే

అదిగో, పెద్దాయన కింద హారన్ కొడుతున్నాడు, షాపు తాళాలు నా జేబులోనే ఉన్నాయి. రేపు పోస్టులో వేస్తాను.

నీ
తప్పినవాడు