చూడకుండా గీసిన బొమ్మలకే బహుమతులా?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ గుంటూరు జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. పర్యావరణం మీద హైస్కూలు పిల్లలకు పెట్టిన చిత్రలేఖనం పోటీలో గెలిచినవాళ్ళది. ముందు ముగ్గురు పిల్లలు, వెనక బొకేలు పట్టుకుని తొమ్మిది మంది పెద్దలు. పిల్లల చేతుల్లో బొమ్మలు బొటనవేలి గోరంత పడ్డాయి. అయినా నాకు కళ్ళజోడు అవసరం రాలేదు. మూడింట్లోనూ రెండు చేతులు, వాటి మధ్య భూగోళం, సగం పచ్చగా, సగం బీటలు వారి. ఫోన్లో వెతికితే ముందు వచ్చేది అదే. 22 ఏళ్ళుగా డ్రాయింగ్ మాస్టారుగా ఉన్నాను, ఆ భూగోళం నాకు దగ్గరి చుట్టమైపోయింది.

రెండో బహుమతి వచ్చిన కుర్రాడు మా బడివాడే, తొమ్మిదో తరగతి. సోమవారం సర్టిఫికెట్ పట్టుకుని స్టాఫ్ రూముకి వచ్చాడు. భుజం తట్టాను. ఆ తర్వాత వాడి లెక్కల రఫ్ నోటు అడిగి తీసుకుని చివరి పేజీలు తిప్పాను. ఇది నాకు పాత అలవాటు, పిల్లల అసలు బొమ్మలు అక్కడే దొరుకుతాయి. బాల్‌పెన్నుతో వాళ్ళ నాన్న ఆటో గీశాడు. వెనక ఇంజను మూత తెరిచి ఉంది, పక్కన చెప్పులు విడిచి ఉన్నాయి, ఆటో కిందనుంచి రెండు కాళ్ళు బయటికి వచ్చి ఉన్నాయి. ఒక అరికాలు మనవైపు తిరిగి ఉంది. అలా ఎదురుగా ఉన్న అరికాలు గీయడం ఎంత కష్టమో గీసి చూస్తే తెలుస్తుంది. “ఇది పోటీకి పంపలేదేంరా?” అన్నాను. “ఇది బొమ్మ కాదు సార్, ఊరికే గీశా” అన్నాడు.

ఆ మాట నిద్ర పట్టనివ్వక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన బడుల్లో చూసి రాయడం అంటే కాపీ కొట్టడం. పరీక్ష హాల్లో అది తప్పు. నా పీరియడ్లో మాత్రం చూడకుండా గీయడమే తప్పు అని ఎనిమిదో తరగతికి మొదటిరోజే చెబుతాను. నవ్వుతారు. కాగితాలిచ్చి మీ ఇష్టమొచ్చింది గీయండి అంటే 48 మందిలో 40 మంది రెండు కొండలు, నడుమ సూర్యుడు, ఒక ఏరు, ఏటి పక్కన గుడిసె, గుడిసె పక్కన కొబ్బరిచెట్టు గీస్తారు. లాలాపేట, పాత గుంటూరు సందుల్లో పుట్టి పెరిగిన పిల్లలు వాళ్ళు. రెండు కొండల మధ్య సూర్యుడు పైకి రావడం చూసిన పిల్ల ఒక్కతీ లేదు. వాళ్ళననేం లాభం? నా సర్వీసులో మొదటి ఐదారేళ్ళు నేనూ బోర్డు మీద రంగు సుద్దలతో చిలకను గీసేవాణ్ణి, వాళ్ళు దించేవాళ్ళు. ఎవరి చిలక నా చిలకలా ఉంటే వాడికి పదికి తొమ్మిది.

చిలకను మానిపించింది మిరపకాయ. ఒక ఫిబ్రవరిలో, మిరప యార్డుకి కొత్త కాయ దిగి ఊరంతా ఘాటు కొడుతున్న రోజుల్లో, రేపు తలా ఒక ఎండుమిరపకాయ తెచ్చుకోండి అన్నాను. తెచ్చారు. కాయను డెస్కు మీద పెట్టి దానివైపు చూడకుండానే ఎర్ర పోస్టర్ కలర్ సీసా మూత తీశారు. పది నిమిషాల్లో క్లాసంతా ఎర్రటి అరటిపళ్ళు! మిరపకాయ ఎర్రగా ఉంటుందని అందరికీ తెలుసు, వచ్చిన చిక్కే అది.

మర్నాడు ఒక ఆట పెట్టాను. ఐదుగురి కాయలు ఒకచోట కలిపేస్తాను, మీ బొమ్మలు చూసి ఏ కాయ ఎవరిదో పక్క బెంచీవాళ్ళు పోల్చాలి. ఒక్కటీ పోల్చలేకపోయారు. అప్పుడు మొదలైంది చూడడం. తొడిమ దగ్గర మెడ ఎటు వంగింది, పొట్ట ఎక్కడ లోపలికి పోయింది, కిటికీ వెలుతురు ఏ ముడత మీద పడుతోంది. ముడతల్లో నీడకి నలుపు కలిపినవాళ్ళ కాయలు మసిబారిపోయాయి. ఎరుపులో చిటికెడు ఆకుపచ్చ కలపండి అంటే నన్ను అనుమానంగా చూశారు. కలిపారు. ముదురు వక్కపొడి రంగు వచ్చింది, కాయ ముడతలో ఉన్నదీ అదే. మెరిసేచోట తెల్లరంగు పూయొద్దు, కాగితాన్ని అలా వదిలేయండి అన్నాను. ఈలోగా ఒకడు ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాడు. మిగతా పీరియడంతా కుళాయి దగ్గరే గడిచింది, ఆ పూట హెడ్మాస్టరు గారు అనవలసినవన్నీ అన్నారు.

అయినా ఏటా ఫిబ్రవరిలో మిరపకాయే. పోయినేడు ఒకమ్మాయి తాలుకాయ, అంటే రంగు పోయిన నాసికాయ తెచ్చింది. వాళ్ళమ్మ తొడిమలు తీసే పనికి వెళుతుంది. మంచికాయ దొరకలేదా అంటే, “తాలయితే ఎవరూ ఏమీ అనరు సార్” అంది. అందరూ ఎరుపుతో కుస్తీ పడుతుంటే తను గడ్డిరంగులో మొదలుపెట్టింది. ఒకపక్క పాలిపోయి, ఒకపక్క ఎరుపు మరకలా మిగిలి, పలచబడ్డ తోలు లోంచి గింజల నీడ కనబడేలా గీసింది. గింజలు నేను చెప్పలేదు. కాయను కిటికీకి అడ్డంపెట్టి తనే చూసుకుంది.

పోటీ పెట్టినవాళ్ళ మీద రాళ్ళు వేయడానికి నాకు అర్హత లేదు. మూడేళ్ళ కిందట నేనూ ఒక పోటీకి జడ్జీగా కూర్చున్నాను. విషయం నీటి పొదుపు. 120 కాగితాలు, అరగంట సమయం, బయట ముఖ్య అతిథి గారి కారు స్టార్ట్ చేసి ఉంది. ఒక కాగితం మీద రోడ్డుకన్నా కిందికి, గుంటలో ఉన్న కుళాయి, గట్టు మీద వరసగా బిందెలు. ఏ బిందె ఎవరిదో తెలియడానికి గోళ్ళరంగుతో పెట్టుకున్న గుర్తులు కూడా వేశారు. రంగులు సగమే పూశారు. పూర్తి కాలేదని పక్కన పెట్టేశాను. మొదటి బహుమతి దేనికిచ్చానో మీరు ఊహించగలరు. ఆ బిందెలు గీసింది ఆడపిల్లో మగపిల్లాడో కూడా నాకు తెలియదు.

గుంటూరు పిల్లలకు చూసి నేర్చుకోవడానికి ఏమీ లేదనకండి. అమరావతి ఇక్కడికి సుమారు 35 కిలోమీటర్లు. అక్కడి బౌద్ధ స్తూపం శిల్పాలు చాలావరకు చెన్నై మ్యూజియంకీ లండన్‌కీ తరలిపోయాయి. బుద్ధుడి మీదికి వదిలిన నలగిరి ఏనుగు శిల్పం చెన్నైలో ఉంది, దాని ఫొటో ఒకటి పెద్దది తీయించి క్లాసులో తగిలించాను. ఒకే వృత్తంలో ఏనుగు ఒకవైపు జనాన్ని తొక్కుతూ ఉంటుంది, మరోవైపు బుద్ధుడి కాళ్ళ దగ్గర మోకరిల్లి ఉంటుంది. కిటికీల్లోంచి జనం తొంగిచూస్తుంటారు. “రెండు ఏనుగులా సార్?” అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. నేను చెప్పను. చివరికి వాళ్ళలోనే ఎవరో “కాదురా, ఒకటే, ముందూ తర్వాతా” అంటారు. ఆ రోజు నేను చెప్పే పాఠం అంతే.

చిత్రకారుడు దామెర్ల రామారావు గారిని చిన్న వయసులోనే గుర్తించి, బొంబాయి జె.జె. చిత్రకళా స్కూలుకు వెళ్ళేలా ప్రోత్సహించిన ఓస్వాల్డ్ కూల్డ్రే దొర డ్రాయింగ్ మాస్టారు కాదు, రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్. రచయిత, చిత్రకారుడు అడివి బాపిరాజు గారూ ఆ దొర శిష్యుడే. 1925లో పోయేనాటికి రామారావు గారికి 28 ఏళ్ళయినా నిండలేదు. ఆ మాత్రం కాలంలోనే అన్ని బొమ్మలు మిగిల్చి వెళ్ళారు. మా లెక్కల మాస్టారికి ఇది తరచూ చెబుతుంటాను. సంక్రాంతి దాటగానే ఆయన వచ్చి, “టెన్త్‌కి స్లిప్ టెస్ట్ ఉంది, మీ పీరియడ్ ఇవ్వండి మాస్టారూ” అంటారు. ఆయన టెన్షన్ ఆయనది, ఇచ్చేస్తాను. పదో తరగతి దాకా కళలు కూడా పాఠ్యాంశంగా ఉండాలని 2005 నాటి జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం చెప్పింది. అది కాగితం మీద బాగానే ఉంది.

పోటీలు పెట్టేవారికి నా మనవి ఒకటే. వారం ముందు విషయం ప్రకటించకండి, అది ఫోన్లో వెతుక్కోమని చెప్పడమే. పిల్లలు కూర్చునే చోట నాలుగు బిందెలో, పాత సైకిలో, ఒక మల్లెపూల బుట్టో పెట్టి గీయమనండి. ముఖ్య అతిథిని రెండు గంటలు ఆలస్యంగా రమ్మనండి. ఇక మీకొక మాట. ఈసారి గెలిచినవాళ్ళ ఫొటో వేసేటప్పుడు పెద్దలను కాస్త తగ్గించి బొమ్మను రెండు కాలమ్‌ల వెడల్పున వేయండి. ఆటో గీసినవాడు తన రఫ్ నోటులో ఉన్నదీ బొమ్మేనని నేను చెబితే నమ్మలేదు, పేపర్లో చూస్తే నమ్ముతాడు.

తాలుకాయ బొమ్మ ఈ కవర్లో పెట్టాను. వేసేదీ లేనిదీ మీ ఇష్టం. తిరిగి పంపడానికి స్టాంపులు అంటించిన కవరు కూడా ఉంది, మరిచిపోకండి. పనిలో తోటివాళ్ళకి చూపించాలని వాళ్ళమ్మ అడుగుతోందట, ఆ పిల్ల ఇప్పటికే రెండుసార్లు గుర్తు చేసింది.

ఇట్లు,
ఒక డ్రాయింగ్ మాస్టారు, గుంటూరు
(సర్వీసులో ఉన్నాను కనుక నా పేరు, బడి పేరు వేయవద్దని మనవి.)