బాట వేస్తున్నారు సరే, చూసుకునేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

మా పట్టణంలో చెరువు కట్ట మీద కొత్తగా వాకింగ్ ట్రాక్, దాంతో పాటు సైకిల్ బాట వేస్తారని మీ జిల్లా పేజీలో చదివాను. సంతోషమే. పొద్దున ఐదింటికి మా కాలనీ నుంచి నడకకు బయలుదేరేవాళ్లలో చాలామంది వేరే చోటు లేక బైపాస్ మీదికే పోతున్నారు. చీకట్లో, నల్ల స్వెట్టర్లు వేసుకుని, ముగ్గురు నలుగురు పక్కపక్కన మాట్లాడుకుంటూ, వెనక నుంచి వచ్చే లారీలకు వీపు చూపిస్తూ నడుస్తారు. రోడ్డు మీద నడవక తప్పకపోతే కుడి పక్కన, ఎదురుగా వచ్చే బండి కనపడేలా నడవాలని ఎంత చెప్పినా వినరు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాళ్లలో 32,825 మంది కాలినడకన పోయేవాళ్లే. అందుకని బాట వద్దనే మాటే లేదు.

నేను రాస్తున్నది ఆ వార్తలో లేని సంగతి గురించి. ఎన్ని లక్షలు, ఎన్ని మీటర్లు, ఎన్ని లైట్లు, ఎన్ని బెంచీలు, అన్నీ రాశారు. వేసిన తర్వాత రోజూ దాన్ని చూసే మనిషి ఎవరో రాయలేదు. రాయకపోవడం మీ విలేకరి తప్పు కాదు, ఎస్టిమేట్‌లోనే ఆ మనిషి ఉండడు.

నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. సర్వీసంతా కాలువగట్ల మీద, చెరువు కట్టల మీదే గడిచింది. మా కట్ట మీద బాట వేయడం ఇది మొదటిసారి కూడా కాదు. 2015లో చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలైనప్పుడు నియోజకవర్గానికి ఒక మినీ ట్యాంక్‌బండ్ అన్నారు. ఆలోచన మంచిది, దానివల్ల చాలా ఊళ్లలో ఆడవాళ్లకు సాయంత్రం పూట నాలుగడుగులు వేసే చోటు దొరికింది. ఆ ఊపులోనే మా కట్టకూ ఏదో ఫండు వచ్చింది, రంగురంగుల సిమెంటు టైల్స్ పరిచారు. రిబ్బన్ కట్ చేసిన రోజు చూడముచ్చటగా ఉంది.

కట్ట మట్టి ఉన్నచోట ఉండదు. వానకు నానుతుంది, ఎండకు బిగుస్తుంది, ఏటా కాస్త దిగుతుంది. టైల్స్ కింద ఉండేది ఇసుక. ఆ ఇసుకను పట్టి ఉంచేది అంచున పాతిన కర్బు రాయి. ఎవరిదో ట్రాక్టరు చక్రం తగిలి ఒక కర్బు రాయి బయటికి ఒరిగింది. మొదటి వానకు ఆ సందులోంచి నీళ్లతో పాటు ఇసుక జారిపోయింది. పైన టైల్స్ పళ్లెంలా గుంట పడ్డాయి. గుంటలో నీళ్లు నిలిచాయి, నిలిచిన నీళ్లు ఒకే చోటి నుంచి కట్ట వెనక వాలు మీదికి దూకాయి. దాన్నే మేం రెయిన్ కట్ అంటాం. ముందు వేలెడు వెడల్పు గీతలా ఉంటుంది. రెండో వానాకాలానికి మోకాలి లోతు అయింది, మూడో ఏడు బాటలో సగాన్ని మింగింది. గీతలా ఉన్నప్పుడు నాలుగు తట్టల మొరం పోసి దిమ్మిసతో గట్టిగా కొడితే ఒక మనిషికి పూట పని. చివరికి జేసీబీ రావలసి వచ్చింది. ఆ జేసీబీ మిగిలిన టైల్స్ కూడా పగలగొట్టింది.

చేపలు పట్టే పెద్దాయన ఒకరు అక్కడే వల బాగుచేసుకుంటూ, "కట్ట మంచిగనే ఉండె సారూ, బండలేసినంకనే ఖరాబైంది" అన్నాడు. ఇంజనీరింగ్ రిపోర్టులో పది పేజీల్లో రాసేది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

కంప్లైంట్ చేద్దామని తిరిగితే కట్ట ఒక ఆఫీసుది, టైల్స్ ఇంకో ఆఫీసువి, లైట్ల కరెంటు బిల్లు మూడో ఆఫీసుది అన్నారు. కాంట్రాక్టరు గ్యారంటీ గడువు అప్పటికే అయిపోయింది. ఎవరినీ పేరు పెట్టి అనను. వాళ్ల దగ్గర దానికి హెడ్ ఆఫ్ అకౌంట్, అంటే ఖర్చు రాసుకునే పద్దు లేదు, మనిషీ లేడు. లేని మనిషిని పంపించమంటే ఎక్కడి నుంచి తెస్తారు?

పాత రోజుల్లో చెరువుకు నీరటి ఉండేవాడు. తూము తెరవడం, మూయడం, కట్టకు కలుగులు పడితే పూడ్చడం ఆయన పని. పెద్ద కాలువలకు లష్కర్లు ఉండేవాళ్లు, ఒక్కొక్కరికి ఇన్ని కిలోమీటర్లని బీటు. లష్కరు చేతిలో పార, భుజాన తువ్వాల, అంతే సరంజామా. పందికొక్కు కలుగు తవ్వితే మర్నాటికల్లా ఆయన కంట పడేది. ఎక్కడ ఊట తేలినా సాయంత్రానికి మాకు కబురు వచ్చేది. ఆ పోస్టులు రానురాను ఎలా ఖాళీ అయ్యాయో, ఆ తర్వాత గట్లు ఎలా తయారయ్యాయో నేను కళ్లారా చూశాను. బాటకు కూడా అలాంటి మనిషి కావాలి. పేరు ఏదైనా పెట్టుకోండి. నెలజీతం మీద ఒక్కడు, చేతిలో పార, ఒక బైండు రిజిస్టరు. అతని పేరు, ఫోన్ నంబరు గేటు దగ్గర బోర్డు మీద రాయాలి. ఈ లెక్క మొదటి ఎస్టిమేట్‌లోనే కనీసం ఐదేళ్లకు కలిపి చూపించాలి.

డబ్బెక్కడిది అంటారా? 2019 తెలంగాణ మున్సిపల్ చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టమంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని, బతక్కపోతే వార్డు సభ్యుడి పదవికే ఎసరని కూడా రాసింది. మొక్కకున్న ఆ దిక్కు బాటకు లేదు. చట్టం మార్చమని నేననను. బాట పక్క మొక్కలకు నీళ్లు పోసే మనిషినే బాటనూ చూసేలా పెడితే ఒక జీతంతో రెండు పనులవుతాయి.

మొక్కల సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నాను, కట్ట మీద చెట్లు నాటొద్దు. నడిచేవాళ్లకు నీడ కావాలి, నిజమే. కానీ చెట్టు వేళ్లు కట్టలోకి దిగుతాయి, చెట్టు చచ్చాక వేళ్లు కుళ్లి సన్నటి గొట్టాల్లా మిగులుతాయి, నిండు చెరువు నీళ్లు దారి వెతుక్కునేది వాటిలోంచే. సర్కారు తుమ్మను కట్ట మీద పెరగనివ్వకూడదనేదీ అందుకే. కానుగ, వేప ఏవైనా సరే, కట్ట పాదం దాటి, కట్టలోంచి ఊరే నీళ్లు పోయే ఊట కాలువ అవతల వరసగా నాటండి. ఎండ పొద్దెక్కాక నడిచేవాళ్లు కట్ట దిగి ఆ నీడన నడుస్తారు.

సైకిల్ బాట కూడా కింద ఆ చెట్ల వరస పక్కనే ఉండాలని నా అభిప్రాయం. కట్ట పైన వెడల్పు తక్కువ. వరదొస్తే డిపార్ట్‌మెంటు జీపు, ఇసుక బస్తాల ట్రాక్టరు పోవడానికి దారి వదలాలి. అందులోనే నడిచేవాళ్లనూ సైకిళ్లనూ ఇరికిస్తే మనవణ్ని వేలు పట్టుకుని నడిపించే ముసలమ్మకు వెనక నుంచి బెల్లు మోగినప్పుడల్లా టెన్షనే. పైన నడక, కింద సైకిల్. ఆ సైకిల్ బాట కట్ట చివర పార్కు గేటు దగ్గర ఆగిపోకూడదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్లు సోలార్ కప్పుతో సైకిల్ ట్రాక్ వేశారు, బాగుంది. కానీ మన దగ్గర సైకిల్ తొక్కేది పాలు పోసేవాళ్లు, రైస్ మిల్లులో పనికి పోయే బీహార్ కుర్రాళ్లు, బస్సు దొరకని హైస్కూలు పిల్లలు. వాళ్లకు ఆదివారం షికారు అక్కర్లేదు. కట్ట చివరి నుంచి మార్కెట్ యార్డుకు, మిల్లులకు, హైస్కూలుకు పోయే డొంక దారులతో ఆ బాటను కలిపితే రోజూ వాడతారు. పది మంది తొక్కే బాట మీద పిచ్చి చెట్లు మొలవవు, చీకటి పనులు కూడా అంతగా జరగవు.

టైల్స్ బదులు మొరం వేయండి. మన నల్లగొండ చల్క నేలల్లో మొరానికి కరువు లేదు. మధ్యలో కాస్త ఎత్తుగా, రెండు పక్కలకూ వాలుగా పోసి, నీళ్లు చల్లి రోలర్‌తో తొక్కిస్తే మోకాళ్లకూ సుఖం. పాడైతే ఒక మనిషి తట్ట, పారతో బాగు చేసుకోగలడు. ఇంకో లాభం కూడా ఉంది. నున్నటి సిమెంటు బాట వేస్తే కోతల సీజన్లో దాని మీద వడ్లు ఆరబోస్తారు. రైతును తప్పుపట్టను, కల్లం లేకపోతే ఆయన మాత్రం ఎక్కడికి పోతాడు? కానీ మొరం మీద ఎవరూ వడ్లు పోయరు.

మన జిల్లాలో బాట వేసేవాళ్లు మరవకూడనిది ఇంకొకటి ఉంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లలో ఫ్లోరైడ్‌తో కీళ్లు బిగుసుకుపోయినవాళ్లు ఉన్నారు. వాళ్లు కాలెత్తి మెట్టు ఎక్కలేరు, వంగి చూడలేరు, వెనక్కి తిరగాలంటే మొత్తం మనిషి తిరగాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమాల్లో ఫుట్‌పాత్ అంచు 150 మిల్లీమీటర్లు మించొద్దని, 1.8 మీటర్ల వెడల్పు ఏ అడ్డూ లేకుండా వదలాలని, ర్యాంపు వాలు 12 అడుగులకు ఒక అడుగు మించొద్దని ఉంది. పాత బాటకు ఎక్కే చోట మూడు మెట్లు కట్టి పక్కన గ్రానైట్ శిలాఫలకం పెట్టారు. ఆ ఫలకానికి అయిన ఖర్చుతో ర్యాంపు వచ్చేది.

బైకులు రాకుండా గేటు పెట్టమని మా వాకర్స్ అందరూ అడుగుతున్నారు. అడగడం సులువు. స్తంభాలు పాతితే ఆటో, ట్రాక్టరు ఆగుతాయి. చక్రాల కుర్చీ ఇబ్బంది లేకుండా పోయేలా వదిలిన సందులో బైకూ పోతుంది. వంకర గేటు పెడితే బైకుతో పాటు కుర్చీ కూడా ఆగిపోతుంది. ఎవరిని ఆపాలో, ఎవరికి దారివ్వాలో తెలిసింది అక్కడ నిలబడ్డ మనిషికే. రాత్రిపూట చికెన్ వేస్ట్ సంచులు తెచ్చి కట్ట చివర పారేసేవాళ్ల సంగతీ అంతే. కుక్కలు ఊరికే పోగవవు, ఆ సంచుల కోసం వస్తాయి. పొద్దున నడిచేవాళ్ల వెంట పడేది కూడా అవే. సీసీ కెమెరా సంచిని ఫోటో తీస్తుంది గానీ ఎత్తి పారేయదు కదా.

వార్తలో రెండో దశలో పెద్ద కాలువ గట్టు మీద కూడా బాట పొడిగిస్తారని ఉంది. అక్కడ మాత్రం తొందరపడొద్దు. సిమెంటు లైనింగ్ ఉన్న కాలువలో వాలు నున్నగా ఉంటుంది, నీటి మట్టం దగ్గర పాకుడు పడుతుంది. పడ్డవాడు ఈతగాడైనా పట్టు దొరక్క కొట్టుకుపోతాడు. గట్టు బయటి అంచున బాట, కాలువ వైపు కంచె, అక్కడక్కడ నీళ్లలోకి దిగే మెట్లు, పట్టుకోవడానికి గొలుసులు, వంతెనల దగ్గర లైట్లు, ఇవన్నీ అమరాకే జనాన్ని రానివ్వాలి. చీకటి పడ్డాక అసలు వద్దు.

బాట ఎక్కడ వేస్తే నాలుగు కాలాలు పనికొస్తుందని అడిగితే నేను నల్లగొండ పక్కనున్న పానగల్లు పేరు చెప్తాను. అక్కడి ఉదయసముద్రం కందూరు చోళుల నాటి చెరువు. ఇప్పుడు ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువ నీళ్లతో రిజర్వాయరై, ఎండాకాలం కూడా నీళ్లు కనపడతాయి. పక్కనే ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం, మ్యూజియం. పొద్దుగూకే దాకా ఛాయా సోమేశ్వరుడి గర్భగుడిలో కదలని నీడను చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు, చూసి కారెక్కి పోతారు. గుళ్ల నుంచి చెరువు దాకా మెయిన్ రోడ్డు ఎక్కే పని లేకుండా నడిచే బాట ఒకటి అమరితే స్కూలు పిల్లల్ని బస్సు దింపి నడిపించుకుపోవచ్చు. తవ్వే ముందు పురావస్తు శాఖను అడగాలి, అక్కడ పార వేసిన చోటల్లా ఏదో ఒక రాయి తగులుతుంది.

మా చెరువు విషయానికొస్తే, బతుకమ్మను, వినాయకుణ్ని లెక్కలో పెట్టుకోకుండా డ్రాయింగ్ గీయొద్దు. సద్దుల బతుకమ్మ రాత్రి ఊళ్లో ఆడవాళ్లంతా ఆ కట్ట మీదే ఉంటారు. వాళ్లకు వెడల్పు మెట్లు, వెలుగు, నీళ్ల దగ్గర పట్టుకునే కమ్మీ కావాలి. నిమజ్జనానికి క్రేన్ వస్తుంది, లారీలు బారులు తీరుతాయి. ఆ బరువుకు ఏ బాటా ఆగదు. అలుగు అవతల గట్టి నేల ఉంది, క్రేన్‌కు, లారీలకు అక్కడ వేరే రేవు కట్టాలి. పండుగ ముందు రోజు పోలీసులు తాడు కట్టి ఆపుతామంటే కుదరదు, దారి ముందే చూపించాలి.

టెండరు ఇంకా పిలవలేదని మీ వార్తలోనే ఉంది. ఎస్టిమేట్‌లో నిర్వహణ కింద ఒక వరుస, దాని కింద ఒక మనిషి జీతం కలపడానికి ఇంకా టైముంది. ఇంజనీరు గారు కబురు పెడితే తెల్లవారుజామున ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి ఆయనతో కట్టంతా తిరుగుతాను. రెయిన్ కట్లు ఎక్కడెక్కడ పడతాయో సున్నంతో గీతలు పెట్టి ఇస్తాను. ఫీజు అడగను, కట్ట చివరి హోటల్లో చాయ్ మాత్రం ఆయనే తాగించాలి.

ఇట్లు,
నీటిపారుదల శాఖ రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్,
నల్లగొండ జిల్లా