108 నొక్కితే స్టోర్స్‌లో ఫోన్ మోగకూడదు

సంపాదకుల వారికి,

నమస్కారం. నేను ఇరవై రెండేళ్లుగా గుంటూరు, విజయవాడ, ఏలూరు ప్రాంతాల్లోని ఆఫీసులకు, లాడ్జిలకు, నర్సింగ్ హోములకు ఈపీఏబీఎక్స్ యంత్రాలు (లోపలి ఫోన్లను బయటి లైన్లతో కలిపేవి) బిగించి, సెట్టింగులు చేసి, మరమ్మతులు చూసుకుంటూ జీవిస్తున్న టెక్నీషియన్‌ని. మా వృత్తిలో ఎంతోకాలంగా ఎవరూ పట్టించుకోకుండా సాగిపోతున్న ఒక పొరపాటును, అంటే అత్యవసర నంబర్లనే ఆఫీసు లోపలి ఫోన్లకు కేటాయించడాన్ని, మీ పత్రిక ద్వారా పాఠకుల దృష్టికి, అధికారుల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ పొరపాటు నా చేతులతోనూ చాలాచోట్ల జరిగింది కనుక, దాన్ని చెప్పే బాధ్యత కూడా నాకుందని అనుకుంటున్నాను.

గత వేసవిలో ఒక ఆఫీసులో మధ్యాహ్న భోజనాల వేళ అకౌంట్స్ సెక్షన్‌లో పెద్దాయన ఒకరు ఒళ్లంతా చెమటలు పట్టి కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయారు. దగ్గర్లో ఉన్నది కొత్తగా చేరిన ఒక అమ్మాయి మాత్రమే. ఆమె వెంటనే బల్ల మీది ఫోన్ ఎత్తి 108 నొక్కింది. అవతల రింగ్ వినిపించింది, కానీ ఎవరూ ఎత్తలేదు. పెట్టేసి మళ్లీ నొక్కింది. మళ్లీ రింగ్ అవుతూనే ఉంది. మూడోసారి ఎవరో ఎత్తి, "స్టోర్స్ అండీ, ఎవరు కావాలి?" అన్నారు. అదే భవనంలో కింది అంతస్తులోని స్టోర్స్ గుమాస్తా అప్పుడే భోజనం ముగించుకుని వచ్చి తన ఫోన్ ఎత్తాడు. ఆ తర్వాత ఎవరో మొబైల్ నుంచి పిలిస్తే అంబులెన్స్ వచ్చింది, దేవుడి దయవల్ల ఆయన కోలుకున్నారు. రెండు రోజుల తర్వాత, "మా ల్యాండ్‌లైన్‌లో 108 పని చేయడం లేదు, వచ్చి చూడండి" అని నాకు కబురు వచ్చింది. వెళ్లి సిస్టమ్ ప్రోగ్రామింగ్‌లో ఎక్స్‌టెన్షన్ల (లోపలి ఫోన్ నంబర్ల) జాబితా తెరిచి చూశాను. 108 అనేది స్టోర్స్ నంబరు. పదకొండేళ్ల కిందట ఆ నంబరు వేసింది నేనే. యంత్రంలో ఏ లోపమూ లేదు. నేను చెప్పి పెట్టినట్టే అది నడుచుకుంది.

ఈ రంగంతో సంబంధం లేని పాఠకుల కోసం కొంత వివరించాలి. ఒక ఆఫీసుకు బయటి నుంచి మూడో నాలుగో టెలిఫోన్ లైన్లు వస్తాయి. లోపల ఇరవై, ముప్పై బల్లల మీద ఫోన్లు ఉంటాయి. ఆ రెంటినీ కలిపేది గోడకు బిగించి ఉండే ఈపీఏబీఎక్స్ డబ్బా. దానికి చేసే సెట్టింగుల్లో కొన్ని ఒక్కొక్క ఫోనుకు సంబంధించినవి, మరికొన్ని ఆఫీసు మొత్తానికి వర్తించేవి. తేదీ, సమయం, ఆపరేటర్ ఎవరు, పగలు వచ్చే కాల్ ఎక్కడ మోగాలి, రాత్రి ఎక్కడ మోగాలి, బయటి లైను కోసం ఏ అంకె నొక్కాలి, లోపలి నంబర్లు ఏ అంకెతో మొదలవ్వాలి అనేవి ఈ రెండో రకం. ఇవి ఒక్కసారి ప్రోగ్రామ్ చేస్తే, యంత్రం ఉన్నంతకాలం ఎవరూ వాటి జోలికి పోరు. మన ప్రాంతంలో విరివిగా అమ్ముడుపోయిన కొన్ని మోడళ్లు ఫ్యాక్టరీ నుంచే 101తో మొదలయ్యే నంబర్లతో వస్తాయి. రెండంకెల నంబర్లతోనో, 2తోనో మొదలయ్యేవి కూడా ఉన్నాయి కానీ, 101, 102, 103 అంటే అందరికీ గుర్తుంటుందని మేమే వాటిని కూడా 101కి మార్చిన సందర్భాలు ఉన్నాయి.

ఇప్పుడు మన అత్యవసర నంబర్లను ఆ జాబితా పక్కన పెట్టి చూడండి. పోలీసులకు 100, అగ్నిమాపక శాఖకు 101, తల్లీబిడ్డల వాహనానికి 102, ఆరోగ్య సలహాకు 104, అంబులెన్స్‌కు 108, దేశమంతటికీ ఒకే నంబరుగా వచ్చిన 112. పదహారు ఫోన్లున్న చిన్న ఆఫీసులో కూడా 101 నుంచి 116 దాకా లోపలి నంబర్లు వేస్తే, పోలీసుల 100 తప్ప మిగిలినవన్నీ ఎవరో ఒకరి బల్ల మీది ఫోన్లైపోతాయి. నిప్పంటుకుందని 101 నొక్కితే చాలాచోట్ల రిసెప్షన్‌లో మోగుతుంది. 112 నొక్కితే మేనేజరు గదిలో మోగవచ్చు. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 సేవ ఈ ఇరవై ఏళ్లలో ఎంతగా మన నాలుక మీదికి వచ్చేసిందంటే, పల్లెటూళ్లో చదువురాని ముసలమ్మ కూడా అంబులెన్స్ అనదు, "నూట ఎనిమిదికి కొట్టండి" అంటుంది. అలాంటి నంబరును ఆఫీసు గోడల లోపల ఒక గుమాస్తా బల్లకు కేటాయించడం ఎంత తప్పో నాకు ఆ అమ్మాయి చెప్పేదాకా తట్టలేదు.

ఇందులో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఆ రింగ్ శబ్దమే. ఎంగేజ్ టోనో, నంబరు లేదనే టోనో వినిపిస్తే మనిషి వెంటనే ఫోన్ పెట్టేసి మరో దారి వెతుక్కుంటాడు. లోపలి ఫోన్ మోగుతున్నప్పుడు మాత్రం అంబులెన్స్ వాళ్లకే వెళ్లిందని, ఇంకొక్క క్షణంలో ఎత్తుతారని నమ్మి, రిసీవర్ చెవికి అదిమి పట్టుకుని నిలబడిపోతాడు. "వాళ్లు ఎత్తడం లేదండీ, అంత పనిలో ఉంటారేమో అనుకున్నాను" అని ఆ అమ్మాయి నాతో చెప్పింది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

ఆఫీసుల కంటే లాడ్జిల్లో, అపార్ట్‌మెంట్లలో ఈ చిక్కు ఎక్కువ. మొదటి అంతస్తులోని గదులకు 101 నుంచి నంబర్లు వేయడం మన ఆచారం. గది నంబరునే ఫోన్ నంబరుగా పెట్టడం దాదాపు అన్నిచోట్లా ఉన్న పద్ధతి. రాత్రి రెండు గంటలకు 304లో దిగిన యాత్రికుడికి గుండెపోటు వచ్చి, భార్య 108 నొక్కితే, మొదటి అంతస్తులో నిద్రపోతున్న మరో కుటుంబం ఉలిక్కిపడి లేస్తుంది. గది ఖాళీగా ఉంటే అదీ ఉండదు. అపార్ట్‌మెంట్ ఇంటర్‌కామ్‌ల సంగతీ అంతే. వాటిలో చాలావాటికి బయటి లైనే ఉండదు కాబట్టి బయటికి కాల్ ఎలాగూ పోదు. కానీ ఇంట్లో ఒంటరిగా ఉన్న పసివాడికి, పెద్దవాళ్లకు ఆ తేడా తెలియదు, ఫోన్ ఎత్తితే టోన్ వస్తుంది, 108 నొక్కితే రింగ్ వస్తుంది.

ఇలాంటి సెట్టింగు వల్ల ఆపదలో కాల్ బయటికి పోని ఉదంతం ప్రపంచానికి తెలిసినదే ఒకటి ఉంది. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని మార్షల్ అనే ఊళ్లో 2013 డిసెంబరులో ఒక మోటెల్ గదిలో ఒక తల్లిపై దాడి జరుగుతుంటే, తొమ్మిదేళ్ల కూతురు ఆ గదిలోని ఫోన్ నుంచి అక్కడి అత్యవసర నంబరు 911కు నాలుగుసార్లు ప్రయత్నించింది. బయటి లైను కోసం ముందుగా 9 నొక్కాలని ఆ పిల్లకు తెలియదు, ఒక్క కాల్ కూడా బయటికి పోలేదు, తల్లి చనిపోయింది. ఆ తల్లిని కన్న తండ్రి పట్టు విడవకుండా పోరాడిన మీదట, ఆమె పేరుతోనే కారీస్ లా అనే చట్టం 2018లో వచ్చింది. 2020 ఫిబ్రవరి 16 తర్వాత అక్కడ అమ్మే, బిగించే ప్రతి ఆఫీసు ఎక్స్‌ఛేంజీలోనూ ముందు ఏ అంకే నొక్కకుండా 911 నేరుగా పోవాలి. అలా పోయినట్టు రిసెప్షన్‌కో, బాధ్యత గల మరొకరికో వెంటనే తెలియాలి. అక్కడ బయటికి పోని కాల్ మీద చట్టం చేశారు. మన దగ్గర కాల్ పోకపోవడమే కాక, పక్క గదిలో మోగుతోంది.

మన ఆఫీసుల్లో దీనికి తోడు తాళాలు కూడా ఉన్నాయి. ఎస్టీడీ కాల్‌కు సెకన్ల లెక్కన బిల్లు పడే రోజుల్లో, యంత్రం బిగించగానే యజమాని అడిగే మొదటి మాట "బయటికి ఎవరూ చేయకుండా లాక్ వేయండి" అనే. ఇద్దరు ముగ్గురు అధికారుల ఫోన్లు తప్ప మిగిలినవన్నీ లోపలి కాల్స్‌కే పరిమితం చేసేవాళ్లం. బిల్లుల బెడద పోయి ఏళ్లు గడిచినా ఆ తాళాలు అలాగే ఉన్నాయి. అలాంటి ఫోన్ నుంచి, తెలిసినవాడు బయటి లైను కోసం 0 నొక్కి 108 నొక్కినా, వినిపించేది ఎంగేజ్ టోనే. తాళం వేసిన ఫోన్ నుంచి కూడా అత్యవసర నంబర్లకు దారి వదిలే పట్టిక చాలా యంత్రాల్లో ఉంది. నేను మరమ్మతుకు వెళ్లి తెరిచి చూసినచోట్ల ఆ పట్టిక ఖాళీగానో, ఏ విదేశీ నంబరుతోనో ఉండటమే ఎక్కువ.

దీన్ని సరిచేయడానికి కొత్త యంత్రం కొనక్కర్లేదు. లోపలి నంబర్లను 2తోనో 3తోనో మొదలయ్యేలా మార్చాలి. లాడ్జి అయితే గది నంబరు ముందు ఒక 2 చేర్చి 2108 చేయవచ్చు, అతిథికి గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు. 1తో మొదలయ్యే నంబరు లోపల ఒక్కటి కూడా మిగలకూడదు, ఎందుకంటే 1081 అనే ఎక్స్‌టెన్షన్ ఉంటే, యంత్రం 108 దగ్గర ఆగాలో నాలుగో అంకె కోసం ఎదురుచూడాలో తేల్చుకోలేక మళ్లీ చిక్కొస్తుంది. ఆ తర్వాత 100, 101, 102, 104, 108, 112 నంబర్లను అత్యవసర పట్టికలో ఎక్కించి, వీలున్న మోడళ్లలో 0 లేకుండానే బయటికి పోయేలా చేయాలి. వీలులేని పాత మోడళ్లలో కనీసం తప్పుడు రింగ్ ఆగిపోతుంది. అక్కడ ప్రతి ఫోను మీదా "0 నొక్కి 108" అని తెలుగులో చీటీ అంటించాలి.

అయితే ఇది పది నిమిషాల్లో ముగించి వెళ్లిపోయే పని కాదని కూడా చెప్పాలి. నంబర్లు మారగానే ఆపరేటర్ ఎవరన్నది, రాత్రివేళ కాల్ వాచ్‌మన్ ఫోనుకు పోవడం, "అకౌంట్స్ కోసం ఫలానా నంబరు నొక్కండి" అనే రికార్డింగు, హంటింగ్ గ్రూపులు (ఒక ఫోన్ ఎత్తకపోతే వరుసగా మరో ఫోన్ మోగే ఏర్పాటు), అధికారుల ఫోన్లలోని బటన్లు అన్నీ ఒక్కొక్కటిగా సరిచూడాలి. అందుకే ఆదివారం పెట్టుకోవడం మంచిది. ఇంకొక మాట. పిడుగుపాటుకు కార్డు పోయో, పాస్‌వర్డ్ తెలియకో ఎవరైనా యంత్రాన్ని పూర్తిగా రీసెట్ చేస్తే, అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపానికి తిరిగిపోతుంది. మొదట 101తో వచ్చిన యంత్రమైతే, 108 మళ్లీ చడీచప్పుడు లేకుండా స్టోర్స్‌కు వచ్చి కూర్చుంటుంది. కాబట్టి చేసిన సెట్టింగులను, పాస్‌వర్డును కాగితం మీద రాయించుకుని ఆఫీసు బీరువాలో ఉంచుకోవాలి. ఇవి టెక్నీషియన్ జేబు డైరీలోనే ఉండిపోవడం మా వృత్తిలో మామూలైపోయింది. ఆ యంత్రం ఆఫీసుది, దాని తాళంచెవి కూడా ఆఫీసుదే కావాలి.

అందరి చేతుల్లో మొబైళ్లు ఉన్నప్పుడు ల్యాండ్‌లైన్ గొడవ ఎందుకని కొందరు అనవచ్చు. బ్యాంకు లాకర్ గదిలో, ఆసుపత్రి బేస్‌మెంట్‌లోని ఎక్స్‌రే విభాగంలో సిగ్నల్ అందదు. కొన్ని ఫ్యాక్టరీ షెడ్లలోకి మొబైల్ తీసుకెళ్లనివ్వరు. రెసిడెన్షియల్ కాలేజీల్లో వందలాది పిల్లల ఫోన్లు వార్డెన్ బీరువాలో ఉంటాయి. అలాంటి చోట్ల గోడకున్న ఫోనే దిక్కు. పైగా పక్కనే మొబైల్ ఉన్నా, కంగారులో చెయ్యి ముందుగా కంటికి కనిపించిన ఫోన్ మీదికే పోతుందని ఆ అమ్మాయి విషయంలో చూశాను.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకు నా విన్నపం ఒక్కటే. అగ్నిమాపక శాఖ వారు ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తనిఖీకి వచ్చినప్పుడు సిలిండర్లు, నీళ్ల పైపులు, మెట్లదారి చూసినట్టే, ఆ భవనంలోని ఎక్స్‌టెన్షన్ల జాబితాను కూడా చూసి, అత్యవసర నంబర్లు లోపలి ఫోన్లకు ఇచ్చి ఉంటే మార్పించాలి. ప్రభుత్వ కార్యాలయాలకు, ఆసుపత్రులకు, హాస్టళ్లకు ఈ మేరకు ఒక ఉత్తర్వు ఇస్తే ఇంకా మేలు. నా తోటి టెక్నీషియన్లు కూడా ఏడాది నిర్వహణ ఒప్పందాల కింద వెళ్లే ప్రతిచోటా ఈ పనిని విడిగా డబ్బు అడగకుండా చేసిపెట్టాలని కోరుతున్నాను. నేను ఇప్పటికి నా చేతిమీదుగా బిగించిన పద్నాలుగు చోట్ల మార్చాను, మిగిలినవి చేస్తున్నాను.

తనిఖీ కోసం ఎవరూ 108కి ఊరికే ఫోన్ చేయవద్దు, అది నిజంగా ఆపదలో ఉన్నవాళ్ల లైను. మీ రిసెప్షన్ బల్ల అద్దం కింద పెట్టిన ఎక్స్‌టెన్షన్ల కాగితం తీసి, అందులో 100, 101, 102, 104, 108, 112 ఎవరి పేర్ల పక్కన ఉన్నాయో చూస్తే చాలు. ఒక్కటి ఉన్నా, మీ యంత్రం చూసే మనిషిని ఈ ఆదివారమే పిలిపించండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఈపీఏబీఎక్స్ టెక్నీషియన్, గుంటూరు