కార్ల మీటర్ బోర్డు పనులు ఎందుకు ఆగాయంటే

రేణిగుంట రోడ్డులోని మా షెడ్డుకి పాత కార్లు ఇచ్చి ఎదురుచూస్తున్న అందరికీ నమస్కారం. రెండు వారాలుగా ఎవరు ఫోన్ చేసినా "రేపు సామీ, రేపు" అంటూ నెట్టుకొచ్చాను. అసలు జరిగింది ఇది.

పుత్తూరు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు 1986 మోడల్ మారుతి 800 తెచ్చారు. స్పీడు ముల్లు వణుకుతోంది. హెడ్‌లైట్ వేస్తే చాలు, పెట్రోలు ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ జరుగుతున్నాయి. "కొండెక్కేటప్పుడు టెంపరేచర్ కరెక్టుగా కనిపిస్తే అంతే చాలయ్యా" అన్నారాయన. దానిదేముంది, మీటర్ బోర్డు విప్పి చూద్దామన్నాను. తొందరపడ్డాను.

ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీశాను. చుట్టూ ఉన్న కవరూ స్క్రూలూ విప్పాను. అయినా బోర్డు ముందుకు రాదు, వెనక స్పీడోమీటర్ కేబుల్, అంటే గేర్‌బాక్స్ నుంచి తిరుగుతూ వచ్చి స్పీడు ముల్లుని కదిలించే తీగ, పట్టుకుని ఉంటుంది. గేర్‌బాక్స్ వైపు కేబుల్ని కాస్త వదులు చేసుకుని, బోర్డుని రెండంగుళాలు లాగి, సందులో చెయ్యి దూర్చి క్లిప్పు నొక్కితే ఊడుతుంది. కంటికేమీ కనబడదు, అంతా వేలికొసలతోనే. అది నాకు అలవాటైన పనే. దెబ్బ తగిలింది ఆ తర్వాత. ఆ బోర్డు వెనక బల్బులకి కరెంటు వెళ్లేది వైర్లలో కాదు, పల్చటి ప్లాస్టిక్ షీటు మీద ఉండే రాగి గీతల్లో. ఇన్నేళ్ల ఎండకి ఆ షీటు అప్పడంలా పెళుసెక్కింది. బల్బు హోల్డరు ఇలా తిప్పానో లేదో, రాగి గీత కూడా లేచొచ్చేసింది.

పాత బళ్ల విడిభాగాలు దొరికే చెన్నై పుదుపేట బజారుకి రెండుసార్లు వెళ్లాను. ఆ మోడల్ షీటు దొరకలేదు. చివరికి సన్న వైరు ముక్కతో టంకం వేసి తెగిన గీతని కలిపాను. మీ బళ్లు ఆగిపోయింది ఈ తిరుగుడులోనే.

తీరా చూస్తే రోగం బోర్డులో లేనే లేదు. రెండు ముళ్లూ ఒకేసారి తప్పు చూపిస్తుంటే, అదీ లైటు వేసినప్పుడు, ముందు అనుమానించాల్సింది కరెంటు బండి బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారిని, అంటే ఎర్త్‌ని. డ్యాష్‌బోర్డు కింద ఎర్త్ బోల్టుకి తుప్పు పట్టింది, ఎమెరీ కాగితంతో రుద్దితే సరిపోయింది. స్పీడు ముల్లు వణుకు ఎండిపోయిన కేబుల్ వల్ల. లోపలి తీగకి పల్చగా గ్రీజు రాశాను, మీటర్ వైపు కొస మాత్రం వదిలేశాను, లేకపోతే గ్రీజు మీటర్లోకి ఎక్కుతుంది. నిజానికి ఇదంతా ఒక్క పూట పని. మాస్టారి దగ్గర షీటు పనికి డబ్బు తీసుకోలేదు, తీసుకునే మొహం కూడా లేదు.

ఇకనుంచి ముందు ఎర్త్, కేబుల్ చూస్తాను. బోర్డు విప్పాల్సి వస్తే మీకు ఫోన్ చేసి, ఏది విరగొచ్చో చెప్పి, మీరు సరే అన్నాకే చెయ్యి పెడతాను.

ఇంకోమాట. కిలోమీటర్ల రీడింగ్ వెనక్కి తిప్పమని ఈమధ్య ఇద్దరు అడిగారు. ఆ పని మా షెడ్డులో జరగదు, ఎంత ఇచ్చినా సరే.

శ్రీకాళహస్తి నుంచి వచ్చిన పద్మిని కారు గురువారానికి రెడీ. చిత్తూరు అంబాసిడర్లు రెండూ వచ్చే వారం. ఫోన్ ఎత్తకపోతే నా చెయ్యి ఏదో డ్యాష్‌బోర్డు వెనక ఇరుక్కుందనుకోండి, బయటికి తీశాక నేనే చేస్తాను.